తిమింగలం పాటలో పదకొండు నిమిషాలు

ఆరోన్ శవం విశాఖ హార్బర్‌లో తేలింది. ఊపిరితిత్తుల నిండా నీళ్లు. ఆ నీళ్లలో మాత్రం ఉప్పు లేదు.

సముద్రంలో పడి చచ్చినవాడి ఒంట్లోకి నల్లా నీళ్లు ఎట్లా పోతాయి? ఎవరో బాత్‌టబ్బులో ముంచి చంపి, తర్వాత తీరిగ్గా హార్బర్‌లో పడేశారన్నమాట.

"నీకు టైం లేదు," అన్నాడు చీఫ్, హైదరాబాద్ ఆఫీసులో. ఎదురుగా ఏజెంట్ ఖైజర్. వయసు ముప్పై నాలుగు. ఏడు భాషలొచ్చు, అరవై వేషాలొచ్చు, అన్నం వండుకోవడం మాత్రం రాదు.

"చనిపోయినతను ఆరోన్. తోటి సైంటిస్టు ఎవాంజెలిన్. ఇద్దరూ ఆరేళ్లుగా బంగాళాఖాతంలో హైడ్రోఫోన్లు దించి తిమింగలాల పాటలు రికార్డు చేస్తున్నారు."

"హైడ్రోఫోన్ అంటే నీళ్లలో వినే మైకు కదా సార్?"

"అదే. పోయిన నెల ఒక నీలి తిమింగలం పాట మధ్యలో పదకొండు నిమిషాలు వేరే శబ్దం పడింది. మన కొత్త సబ్‌మెరైన్. ప్రతి సబ్‌మెరైన్‌కూ దాని గొంతు దానికుంటుంది. ఆ గొంతు శత్రువుకు దొరికిందా, ఎక్కడ దాక్కున్నా పట్టేస్తాడు. లోపల డెబ్బై మంది ఉంటారు. రేపు యుద్ధమొస్తే డెబ్బై మందికీ సముద్రమే గోరీ."

ఆరోన్ అమాయకుడు. 'వింత శబ్దం, పదకొండు నిమిషాలు, నలభై మీటర్ల లోతు' అని పరిశోధనకు డబ్బిచ్చే ఫౌండేషన్‌కు రిపోర్టు రాశాడు. ఆ ఫౌండేషనేమో ఒక విదేశీ ముఠా. దాన్ని నడిపే డాక్టర్ లార్స్ షార్కుల మీద పరిశోధన చేశానంటాడు. ఎడమచేతికి చిటికెన వేలు లేదు. షార్క్ కొరికిందని చెబుతాడు. లిఫ్టు తలుపులో నలిగిందని మన ఫైల్లో ఉంది.

"ఆరోన్ దగ్గర ఆ పాట ఉన్న డిస్క్ దొరకలేదు. అందుకని నిన్న ఎవాంజెలిన్‌ను ఎత్తుకెళ్లారు. ఆమె దాన్ని గోదావరిఖనిలో తండ్రి దగ్గర పెట్టింది. రేపు సాయంత్రం నాలుగింటికి అక్కడి లాడ్జికి తండ్రి ఒక్కడే డిస్క్ తెచ్చివ్వాలి. లేకపోతే పిల్ల శవం. నీదీ ఆ ఊరే కదూ?"

"అక్కడే పుట్టిన సార్."

"ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది. మెహ్రీన్. ఆమె 'పెద్దచేప దాహం తీరిందా' అంటుంది. నువ్వు 'బాయి నీళ్లు చాలలేదు' అనాలి."

గోదావరిఖనిలో బాయి అంటే బొగ్గు గనే.

అది రెండువేల పదకొండు సెప్టెంబర్. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. టిప్పర్లు కదలడం లేదు, షిఫ్టు సైరన్ తర్వాత బూట్ల చప్పుడు లేదు. తెల్లారేసరికి ఖాకీ చొక్కా, మెడలో రుమాలుతో ఆటో డ్రైవరైపోయిన ఖైజర్, ఎవాంజెలిన్ తండ్రి తీతు క్వార్టర్ ముందు బ్రేకు వేశాడు.

తీతు ముప్పై ఏండ్లు బాయిలో పంపు నడిపి రిటైరయిన మనిషి. పెంకుటింటి అరుగు మీద కూర్చుని స్పానర్‌తో నల్లా పైపును కొడుతున్నాడు. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. దగ్గుతున్నాడు, మళ్లీ కొడుతున్నాడు.

"అలీముద్దీన్ కొడుకువా? మీ నాయిన నా పంపు మోటరుకు వైండింగ్ ఎన్నిసార్లు కట్టిండో! కూసో బిడ్డా," అని, డిస్క్ తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇది ఇయ్యకుంటే నా బిడ్డ పోతది. ఇస్తే డెబ్బై మంది తల్లుల పిల్లలు పోతరు. ఏది చెయ్యాలె? నువ్వే చెప్పు."

"ఇంకో గొంతు ఇద్దాం కాకా. పదకొండు నిమిషాలు ఆగకుండ మూలిగే మిషన్ కావాలె. పక్కన వేరే సప్పుడు ఉండొద్దు."

తీతు స్పానర్‌ను నడుముకు దోపాడు.

"సమ్మెల అన్నీ బంద్. పంపు ఒక్కటే బంద్ కాదు. అది ఆగితే బాయి మునుగుతది. నా చెవులు తెరిచిన కాన్నుంచి బాయి గింత నిమ్మళంగ ఎన్నడు లేదు," అంటూ లేచి, ఎవాంజెలిన్ వదిలిపోయిన పాత హైడ్రోఫోన్‌ను అటక మీద నుంచి దించాడు. "వినుడు నా దగ్గరనే నేర్సుకున్నది అది. నేను పంపు విన్న, అది తిమింగలాలను విన్నది."

పంపు డ్యూటీలో ఉన్నవాళ్లంతా తీతు చేతికింద పని నేర్చినవాళ్లే. ఎందుకని అడగకుండా లోపలికి పంపారు. ఖైజర్ గేటు దగ్గర కాపలా ఉన్నాడు. తీతు ఒక్కడే దిగి, పంపు నీళ్లు గుంజే గుంతలోకి మైకు వదిలాడు.

మధ్యాహ్నం రెండున్నరకు పైకొచ్చాడు. ఖైజర్ ఆటోలోనే లాప్‌టాప్ తెరిచి, డిస్కులో సబ్‌మెరైన్‌ను చెరిపేసి, ఆ జాగాలో పంపును అతికించాడు. ముందూ వెనకా తిమింగలం పాట అట్లాగే ఉంది. చౌరస్తా దాటుతూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఏడో నిమిషంలో మొహం మాడిపోయింది.

టంగ్, టంగ్... టంగ్.

"ఏంది కాకా ఇది?"

"పైపు మీద కొట్టి వాల్వు పట్టిందో లేదో చూసిన."

"ఎవరు చూడమన్నరు?"

"ముప్పై ఏండ్లు కొట్టిన చెయ్యి బిడ్డా. నన్ను అడిగి కొట్టిందా?"

నాలుగుకు ఐదు నిమిషాలుంది. మళ్లీ దిగే టైం లేదు. ఖైజర్ అతని చొక్కా గుండీ మార్చాడు. గుండీలో మైకు. తలుపు అవతల నిలబడి ఖైజర్ వింటుంటాడు.

లాడ్జి మూడో అంతస్తు. కుర్చీకి కట్టేసిన ఎవాంజెలిన్. తలుపు పక్కన తుపాకీతో గార్డు. కిటికీ దగ్గర నల్లకళ్లద్దాలతో మెహ్రీన్, సెంటు వాసన గదంతా. లార్స్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మూడో నిమిషం. ఐదు. ఏడు.

కళ్లు తెరిచాడు. హెడ్‌ఫోన్స్ తీసి ఎవాంజెలిన్ చెవులకు పెట్టాడు.

"ఏమిటీ దెబ్బలు?" తెలుగు బాగా నేర్చాడు, రాక్షసుడు.

రెండు దెబ్బలు, ఆగి ఒకటి. చిన్నప్పుడు ఆ చప్పుడు వినకుండా ఆమెకు తెల్లారలేదు. తండ్రి వైపు చూడకుండా అంది:

"స్పెర్మ్ వేల్ తిమింగలం. పెద్ద మగది. అచ్చం సుత్తితో ఇనుమును కొట్టినట్టే అరుస్తది."

లార్స్ మెహ్రీన్ వైపు తిరిగాడు. "పుస్తకాల్లో ఉంది," అందామె.

"కానీ అది లోతు సముద్రంలో ఉండే జీవి. ఇక్కడ నలభై మీటర్లే. ఎందుకొచ్చింది?"

తీతు దగ్గు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ముసలిది," అంది ఎవాంజెలిన్. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "మందలో లేదు, ఒంటరిది. సచ్చే ముందట అట్ల దారి తప్పి ఒడ్డుకొస్తయి."

లార్స్ నవ్వాడు. శాటిలైట్ ఫోనుకు లాప్‌టాప్ తగిలించి, 'అసలైనదే, నేనే విన్నాను' అని టైపు చేసి బటన్ నొక్కాడు. తొంభై శాతం. తొంభై ఎనిమిది. వంద.

"ఇక ఇద్దర్నీ," అన్నాడు మెహ్రీన్‌తో.

ఆమె పిస్టల్ తీసి ఎవాంజెలిన్ తలకు గురిపెట్టింది. తలుపు వినేంత గట్టిగా అడిగింది: "పెద్దచేప దాహం తీరిందా?"

"బాయి నీళ్లు చాలలేదు!" అంటూ తలుపు విరిగింది.

మెహ్రీన్ పిస్టల్ లార్స్ వైపు తిరిగి పేలింది. గార్డు తుపాకీ మెహ్రీన్ మీద పేలింది. ఖైజర్‌ది గార్డు మీద. మూడు గుండ్లు, ముగ్గురు మనుషులు.

"టైమెంత?" అంది మెహ్రీన్, ఖైజర్ ఒళ్లో.

"నాలుగూ నలభై."

"రిపోర్టులో నాలుగని రాయి. లేటయిందంటే చీఫ్..." అంతే.

లార్స్ బొగ్గు టిప్పర్ కింద పడి చనిపోయాడని మర్నాడు పేపర్లో వచ్చింది. సమ్మెలో టిప్పర్ ఎక్కడిదని ఎవ్వరూ అడగలేదు.

ఎవాంజెలిన్ ఆరేళ్లు రికార్డు చేసిన తిమింగలాల డిస్కును డిపార్ట్‌మెంటు సీలువేసి పట్టుకుపోయింది, తిరిగివ్వలేదు. ఆరోన్ తల్లి సాయమ్మకు మాత్రం 'ప్రమాదం' అని ఒక కాగితం వచ్చింది.

ఆ పంపును మరుసటి ఏడు తుక్కు కింద తీసేశారు. ఆ గొంతుతో మన సబ్‌మెరైన్ ఏ సముద్రంలోనూ వినబడట్లేదని విదేశీ నేవీ జుట్టు పీక్కుంటోందట. ఇక లాభం లేదని, దానితో పాటు తిరిగే ముసలి తిమింగలాన్ని వెతకమని రెండు ఓడలు పంపారని ఖైజర్ చెప్పాడు.

ఆ తిమింగలం కొత్త రాష్ట్రం వచ్చిన నెలలోనే, గోదావరిఖని దవాఖానలో, చెయ్యి మంచం ఇనుప పట్టీని తడుతుండగా కన్నుమూసింది. ఓడలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.