ఒకే నంబరు తాకా

తాపీ వరద సూరత్‌ను ముంచిపోయాక అది పదిహేనో వేసవి. ఊరంతా మాస్కుల వెనక ఉంది. డుమస్ సముద్రపు ఒడ్డున ఒక్క భజియా బండి తెరిచారు, అదీ పార్శిల్‌కే.

"టమాటా భజియా ఉందా?" అడిగాడు కమలాకర్.

"మాస్కు ఉన్నోళ్లకే."

కోడ్ సరిపోయింది. బండి వెనక నిఘా విభాగం చీఫ్ పరమేశ్వర్ నిలబడి ఉన్నాడు.

"విదేశీ ముఠా మన రెసిపీల్లో చెయ్యి పెట్టింది. టార్గెట్, గాలిపటం ప్యాకేజీ, ఆక్సిజన్ ప్లాంట్లు నడిపే సాఫ్ట్‌వేర్. సాయంత్రం ఆరింటికి బిల్డ్. అది పోతే ఆక్సిజన్ ప్లాంట్ల వాల్వులు వాళ్ల చేతికి పోతయ్. ముఠాల మన మనిషి ఒకరున్నరు. నోరు తెరిస్తే ప్రాణం పోతది."

అంతే బ్రీఫింగ్. భజియా చల్లారలేదు.

పైకి కమలాకర్ పర్వత్ పాటియాలో మగ్గాల కార్ఖానాలో తాకాలు తూచే మనిషి. తాకా అంటే మగ్గం మీంచి దిగిన గుడ్డ చుట్ట. అసలు పని వేరు. ప్రోగ్రాములు తెచ్చి కంప్యూటర్లలో పెట్టే ఒక ఓపెన్ సోర్స్ ప్యాకేజీ మేనేజర్‌కు పదకొండేళ్లుగా రెసిపీలు చూస్తున్నాడు. ఏ ప్రోగ్రామును ఎక్కడి నుంచి తేవాలి, ఎట్లా కట్టాలి, అంటే బిల్డ్ చెయ్యాలి, దాని చెక్‌సమ్ ఎంత, ఇవి రాసిన చిన్న ఫైలే రెసిపీ. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారినా చెక్‌సమ్ మారిపోతుంది.

పదకొండేళ్లలో అతని పని బాగుందన్న వాళ్లు లేరు. రెండు నెలల కింద దేవదాస్ వచ్చాడు. వచ్చిన వారానికే అతనికీ రెసిపీలు మార్చే కీ ఒకటి ఇచ్చారు. రెసిపీలు చూసేవాళ్ల గ్రూపులో సింధూజ ఉంది. అడాజన్ ఫ్లాట్లలో పెరిగిన అందగత్తె. దేవదాస్‌ను ఉస్తాద్ అంటుంది. కమలాకర్‌ను చిన్నాన్న వరసన కాకా అంటుంది. కమలాకర్ వయసు నలభై రెండు.

ఐదుంబావుకు గ్రూపులో ఆమె మెసేజ్ పడింది. "గాలిపటం రెసిపీ ఉస్తాద్ రాసినట్టు ఎవ్వరూ రాయలేరు. కాకా, మీరూ జర చూసి నేర్చుకోండి."

కమలాకర్ తప్పు పట్టడానికే ఫైలు తెరిచాడు. ఒక కామా కోసం, ఒక ఖాళీ కోసం వెతికాడు. తొమ్మిదో వరుసలో ఆగాడు. వెర్షన్ పోయిన వారానిదే. చెక్‌సమ్ మాత్రం కొత్తది.

తూకం దగ్గర ఇది తెలిసిన సంగతే. ఒకే నంబరు తాకా రెండోసారి తూచినప్పుడు బరువు వేరైతే, మధ్యలో ఎవరో గుడ్డ మార్చినట్టు.

దేవదాస్‌కు ఫోన్ చేశాడు.

"చెక్‌సమ్ కలుస్తలేదని ఎర్రర్ వచ్చిందన్నా. ఎవరో విదేశీ ఆయన కొత్త అంకె పంపిండు. మంచోడు. పెట్టిన."

"ఎందుకు కలుస్తలేదని అడగలేదా?"

"ఎందుకడగాలె? నా కాడ బిల్డ్ పాసయింది గద."

ఐదు యాభై ఆరు. కమలాకర్ బల్ల మీది దారపు బాబిన్ మూత తిప్పి, లోపల దాచిన తన కీ తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. రెండుసార్లు పాస్‌వర్డ్ తప్పింది. ఐదు యాభై తొమ్మిదికి పాత చెక్‌సమ్ మళ్లీ రెసిపీలో కూర్చుంది. ఆరింటికి బిల్డ్ మెషీన్ ముఠా మార్చిన ప్రోగ్రామును తెచ్చుకుంది, చెక్‌సమ్ పోల్చుకుంది, కలవలేదని ఆగిపోయింది.

ఏడింటికి పీపీఈ కిట్లలో నలుగురు పరమేశ్వర్ మనుషులు ముఠా దాక్కున్న అడాజన్ ఫ్లాటులోకి వెళ్లి అందరినీ ఎత్తుకొచ్చారు. బయటికి వచ్చినవి ఐదు కిట్లు. ఐదో కిట్ లోంచి సింధూజ ఫోన్ చేసింది.

"ఉస్తాద్‌ను పొగడమని వాళ్లే చెప్పిన్రు కాకా. పొగిడితే చూడకుండ కలుపుతడని. నా ఫోన్ వాళ్ల ముందటనే ఉండె. మీకు ఇంకెట్ల చెప్పాలె? కుళ్లు పుడితే మీరు ఒక్క అక్షరం వదలరని నాకెరుక."

కమలాకర్, దేవదాస్ రెసిపీ నిజంగానే బాగుందా అని అడిగాడు.

"ఆ ఒక్క వరుస తప్ప, బాగుంది."

మరునాడు పొద్దున తాకాలు తూచడానికి పోలేదు. దేవదాస్ రాసిన మిగతా ముప్పై ఎనిమిది రెసిపీలు తెరిచి, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు. దేశ భద్రత కోసమే.