సగం నొక్కిన ట్రిగ్గర్

సలోమి ఎడమ చేయి పరీక్షగదిలోని నకలు గేటు చక్రం మీదే ఉంది. కుడి చేత్తో నాలుగో నంబరు పిస్తోలు ఎత్తి, ఎదురుగా లేచిన వెలుగుబొమ్మ ఛాతీలోకి రెండు తూటాలు దింపింది. పైనుంచి గొట్టాలు ఉప్పునీళ్లు కురిపిస్తూనే ఉన్నాయి. గేటు కాపలాదారుకి రెండు చేతులూ ఒకేసారి ఖాళీగా ఉండవు, ఒంటి మీద పొడిబట్ట ఉండదు. అందుకే సముద్రపు కట్టను కాసే దళానికి పొడవాటి తుపాకులు పనికిరావు. పిస్తోలే కావాలి, అదీ తడి చేతిలో జారనిది కావాలి.

ఆరు పిస్తోళ్లతో మొదలైన పరీక్షలో రెండు మిగిలాయి. రెండో నంబరు బరువైనది, దాని ట్రిగ్గర్ మొండిది. ఇసుకలో పొర్లించినా బురదలో ముంచినా మారుమాట లేకుండా పేలింది. నాలుగో నంబరు తీరు వేరు. దాని పిడికి నరజాలం, అంటే చేతి నరాల కదలికను పసిగట్టే సన్నటి పొర, అద్దారు. వేలు ట్రిగ్గరును పూర్తిగా లాగకముందే అరచేతి బిగువు చదివి అదే పేలుతుంది. సముద్రం ఊళ్లను మింగాక కట్టిన ఈ కట్టకు అవతల, పడవల మీద బతికే నీటివైపు జనం ఉన్నారు. వాళ్లు తాళ్లు పట్టుకుని గేట్లెక్కే చోట రెప్పపాటు ఆలస్యం కూడా ఉండకూడదని నిర్ణేత తేల్చింది. పిస్తోళ్లకు మార్కులు వేసేదీ, గేట్ల దగ్గర పేలిన ప్రతి తూటా మంచిచెడ్డలు తేల్చేదీ ఆ యంత్రమే. దానికి చేతులు లేవు కాబట్టి సలోమి ఉద్యోగం మిగిలింది.

"ఏందమ్మాయ్, ఇయ్యాల గురి అటూ ఇటూ పోతంది?" ఆయుధాలు చూసుకునే మస్తాన్ పిస్తోలు స్లైడ్ వెనక్కి లాగి నీళ్లు దులుపుతూ అడిగాడు. "ఇంట్లో నీ మొగుడు కూర మాడ్చాడా?"

"మాడ్చినా తినాల్సిందేగా అన్నా. తెచ్చుకున్నది నేనే."

"సగం నొక్కి మొగుణ్ణి తెచ్చుకున్నదానివి ఈ కట్ట మొత్తం మీద నువ్వొక్కదానివే."

నిజమే. ఏడేళ్ల కిందట వానలో యోనా నీటివైపు నుంచి తాడు పట్టుకుని గేటెక్కాడు, చేయి చొక్కాలో పెట్టాడు, కత్తి తీశాడు. సలోమి ట్రిగ్గర్ సగం నొక్కింది. అప్పుడు కనిపించింది, అతని మణికట్టుకు తాడు బిగుసుకుని చేయి నల్లబడుతోంది. కత్తి ఆ తాడు కోసుకోవడానికి. ఆమె వేలు వెనక్కి తీసుకుంది. తర్వాత అతని చేతికి కట్టు కట్టింది కూడా తనే. ఆ సగమే తన కాపురమని సలోమి దాచుకోకుండా అందరికీ చెప్పేది.

మళ్లీ గంట మోగింది. ఈసారి లేచిన వెలుగుబొమ్మ మగవాడు, తాడు మీద ఊగుతున్నాడు, చేయి చొక్కాలో ఉంది. సలోమి పిస్తోలు ఎత్తి నొక్కసాగింది. ముఖం చూసింది. ఆగుదామనుకుంది, వేలు ఆగింది కూడా. పిస్తోలు ఆగలేదు. బొమ్మ వెనక్కి పడిపోయింది.

"సఫలం" అంది పైనుంచి నిర్ణేత.

ఆ నాలుగో నంబరును తయారుచేసిన ఇందుశేఖర్ గాజుగది నుంచి పరుగున వచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది.

"సార్, నేను ఆగాను" అంది సలోమి.

"తర్వాత ఆగారు మేడమ్. మీ మొదటి నిర్ణయం కాల్చాలనే కదా? అది దాన్నే గౌరవించింది."

"మనిషి పోయాడు సార్."

"బొమ్మ మేడమ్."

సలోమి పడిపోయిన బొమ్మ వంక చూసింది. యోనా ఆ రోజు ఈ పిస్తోలు ముందు నిలబడి ఉంటే ఈపాటికి సముద్రంలో ఉండేవాడు. తను శభాష్ అనిపించుకుని ఇంటికి పోయి అన్నం తినేది.

భోజనాల వేళకు మార్కులు వచ్చేశాయి. నాలుగో నంబరే గెలిచింది. సలోమి ఓటు రెండో నంబరుకు పడింది గానీ దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఇక మిగిలింది చేయి పోయడం. పరీక్షించిన మనిషి వరసగా కాల్చి చూపిస్తే ఆ చేతి తీరును అన్ని గేట్ల పిస్తోళ్లలోకీ పోస్తారు. దాన్ని మూలహస్తం అంటారు. మూలహస్తం చేసిందే ఒప్పు, దానికి తేడాగా ఉన్నదే తప్పు. నిర్ణేత పాత కాల్పులను కూడా ఆ కొలతతోనే మళ్లీ తూకం వేస్తుంది.

సలోమి అన్నం డబ్బా మూత తీయకుండానే మస్తాన్ పక్కన కూర్చుంది. "అన్నా, నేను ఆగి ఆగి కాలుస్తా. అట్టా పోస్తే పిస్తోలు కూడా ఆగుద్ది. కానీ నిర్ణేత నీ పాత కాల్పు కూడా మళ్లీ తూకం వేస్తది."

మస్తాన్ చేతిలోని ముద్ద డబ్బాలో పెట్టేశాడు. అతను గేటు వదిలేసి ఆయుధాల గదిలో చేరడానికి కారణం దళంలో అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తరు.

"నాకు పతకం ఇచ్చారు తెలుసా" అన్నాడు. "నేను కాల్చినోడి చొక్కాలో ఏం లేదమ్మా. చలికి చెయ్యి లోన పెట్టుకున్నాడంతే. నేను పోయి చూశా. సఫలం అంది ఆ మిషను."

"వద్దంటే మానేస్తా."

"నీ పద్ధతిలో నువ్వు కాల్చు."

సలోమి చక్రం పట్టుకుని నిలబడింది. బొమ్మలు లేచాయి. ప్రతిసారీ ట్రిగ్గర్ సగం నొక్కి, ఆగి, చూసింది. ఆయుధం ఉన్నవాళ్లను కాల్చింది, లేనివాళ్లను వదిలేసింది. ఒకసారి బొమ్మే ముందు కాల్చింది. ఆమె గుండె మీద ఎర్రదీపం వెలిగింది. పరీక్ష లెక్కలో సలోమి చచ్చిపోయింది. దీపం ఆర్పుకుని తర్వాతి బొమ్మ దగ్గరా అలాగే ఆగింది.

"ఇలా పోస్తే ఎప్పుడో ఒకరోజు మనవాళ్లే పోతారు!" ఇందుశేఖర్ గాజు మీద బాదుతున్నాడు.

"పోవచ్చు సార్. రేపట్నుంచి నన్ను గేటుకే వెయ్యండి, నేనే నిలబడతా" అంది సలోమి. తర్వాతి బొమ్మకు పిస్తోలు ఎత్తి, సగం నొక్కి, ఆగింది.

"మూలహస్తం స్వీకరించాను" అంది నిర్ణేత. తర్వాత పాత కాల్పులు ఒక్కొక్కటే చదవసాగింది. గేటు, కాల్చిన మనిషి పేరు, తీర్పు. తొందరపాటు. తొందరపాటు. ఎక్కడో ఒకటి సఫలం. మళ్లీ తొందరపాటు. ఇందుశేఖర్ మీటలన్నీ నొక్కుతున్నాడు, అది ఆగడం లేదు. అన్ని గేట్ల మైకుల్లోనూ అదే గొంతు వినిపిస్తోంది. కట్ట పొడవునా కాపలావాళ్లు తమ చేతుల్లోని పిస్తోళ్ల వంక చూసుకుంటున్నారు.

"తొమ్మిదో గేటు. షేక్ మస్తాన్. తొందరపాటు."

మస్తాన్ తూటాల పెట్టె మీద కూలబడ్డాడు. సలోమి పరుగెత్తుకెళ్లి భుజం పట్టుకుంది. "అన్నా, నన్ను క్షమించు" అంది.

"ఎందుకమ్మా?" అన్నాడతను. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "తొందరపాటనే మాట ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే చెప్పుకుంటున్నా."