ర్యాంపు మీద పేరంటాలు

భీమవరంలో వీరభద్రరాజుగారి ఇంట్లో కుర్చీలో కూర్చోవాలంటే ముందు అరచేత్తో తడుముకోవాలి. నెల రోజులుగా ఇల్లంతా గుండుసూదులే. సోఫాలో, పరుపులో, చివరికి ఆ ఉదయం ఉప్మాలో కూడా ఒకటి వచ్చింది. రాజుగారు దాన్ని కరివేపాకులా ఏరి కంచం అంచున పెట్టి, ఇది నీ వంటా, అమ్మాయి వంటా అని భార్యని అడిగారు.

జానకీదేవి ఆ సూదిని తుడిచి పమిట చెంగుకి గుచ్చుకుంది. వాళ్లమ్మాయి కీర్తిప్రియ హైదరాబాదులో ఫ్యాషన్ డిజైనింగు చదివొచ్చింది. చీరల కొట్టు పెడుతుందనుకుంటే ఫ్యాషన్ షో పెడతానంది. అదీ మామూలుది కాదట. నాటకంలా కథ నడుస్తుందట, ఒక్కో బట్టా ఒక్కో ఘట్టమట. ఖర్చు రొయ్యల మేత కంపెనీవాళ్లు పెట్టుకున్నారు కాబట్టి ర్యాంపు వెనక తెర మీద మీసాల రొయ్య ఒకటి నిలువెత్తున ఉంటుంది. చెరువులున్న మనిషి గనుక రాజుగారు దానికేమీ అనలేదు.

కథ ఎవరిదో ఆయనకి ఆ ఉప్మా దగ్గరే తెలిసింది.

రాజుగారి అక్కయ్య సుభద్రాయమ్మ, పెళ్లయి కాపురానికి వెళ్లకముందే విషజ్వరంతో పోయారు. ముత్తయిదువుగా పోయిన ఆడబిడ్డ కాబట్టి ఆ ఇంటికి ఆవిడే పేరంటాలు. ఏటా ఆవిడ పేర మామిడిపండు రంగు చీర కొని, పసుపు పెట్టి, దేవుడి గదిలో వెదురుబుట్టలో ఉంచుతారు. ఏడాది తిరిగాక దాన్ని తీసి ఇంటి కోడలు కట్టుకోవాలి. జానకీదేవికి మామిడిపండు రంగు నప్పదు. బతికున్న ఆడబడుచైతే దెబ్బలాడొచ్చు.

కీర్తిప్రియ షోలో చివరి ఘట్టానికి ఆ బుట్టలో చీరే కావాలంది.

"అక్కయ్యగారు బతికుండగా వీధరుగు మీదకైనా రాలేదు. ఘోషా ఇల్లు మనది. పోయాక ఊరందరి ముందూ నడిపిస్తావా అమ్మడూ?" అన్నారు రాజుగారు.

"నడవనివ్వలేదు కాబట్టే కదండీ నాన్నగారూ."

"ఆ చీర గడప దాటితే నువ్వూ దాంతోపాటే దాటినట్టు. మళ్లీ ఈ మెట్లెక్కకు."

కీర్తిప్రియ ఏడవలేదు. సూట్‌కేసు తెచ్చి బట్టలు సర్దుకుంది. రాజుగారూ వారించలేదు. ఇద్దరి మొండితనమూ ఒకటేనని జానకీదేవికి తెలుసు. చీర వెళ్లకపోతే కూతురు దక్కదు, వెళ్లినట్టు తెలిస్తే కూతుర్ని ఆయన రానివ్వరు. అందుకని ఆవిడ సంసారం ఈదే ఆడవాళ్లందరూ చేసే పనే చేసింది. బుట్టని కూరల సంచిలో పెట్టి, పైన బెండకాయలు పోసి, రిక్షా ఎక్కింది. ఆయన చెరువు గట్టు నుంచి వచ్చేలోపు చీర వెళ్లొచ్చేస్తే ఏ గొడవా ఉండదని లెక్క.

ఆ సాయంత్రం షో జరిగే కల్యాణమండపంలో, నడవాల్సిన అమ్మాయిలందరూ మొహాల మీద నరసాపురం లేసు ముసుగులు వేసుకుని ఉన్నారు. ఎవరెవరో వాళ్ల కన్నతల్లులు కూడా పోల్చుకోలేరు. చివర నడవాల్సిన పిల్లని వాళ్ల నాన్న వచ్చి, రొయ్యని ఓసారి చూసి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

"అమ్మా, నువ్వే నడవాలి. మొహం కనపడదుగా," అంది కీర్తిప్రియ.

జానకీదేవి తెర సందులోంచి చూసింది. ముందు వరసలో రాజుగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఎవరు చెప్పారో గాని, చీర కనపడగానే లేచి షో ఆపించేసేలా ఉన్నారు.

అయినా సరేనంది. పెళ్లికూతుళ్లు ముస్తాబయ్యే గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. బెండకాయలు తీసి బుట్ట మూత తెరిచింది.

బుట్ట ఖాళీ.

కూతురు ముందే తీసిందేమో అడుగుదామని గడియ లాగింది. రాలేదు. తలుపు బాదింది. బయట సంగీతం హోరు. గదిలో ఎక్కడినుంచో తడి పసుపు వాసన కమ్ముకుంది. మైకులో, "ఇప్పుడామె గడప దాటుతోంది," అన్న మాట వినిపించింది. తర్వాత సంగీతం ఆగింది, జనం గోలా ఆగింది. భీమవరంలో అంతమంది ఒక్కసారిగా నోరు మూసుకోవడం జానకీదేవి ఎన్నడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో చెక్కల మీద ఒక అడుగు పడటం, ఒక అడుగు ఈడ్చుకోవడం స్పష్టంగా వినిపించాయి.

చప్పట్లు మొదలయ్యాక గడియ దానంతటదే జారింది.

కీర్తిప్రియ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. అలా నడవడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా, అప్పుడే చీర కూడా మార్చేసుకున్నావా అంది. వెనకాలే రాజుగారు వచ్చారు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకోగా జానకీదేవి చూడటం అదే మొదలు.

"అక్కయ్యగారు ఎడమ కాలు కాస్త ఈడ్చేవారని నీకెవరు చెప్పారు జానకీ? నేనెప్పుడూ అనలేదే. చిన్నప్పుడు పెరటి అరుగు మీంచి నన్ను పడకుండా పట్టుకోబోయి తనే పడ్డారు. ఆ కాలు చూసి నవ్వుతారనే అక్కయ్యగారిని బయటికి రానివ్వలేదు. ఘోషా అని పైకి చెప్పుకున్నాం."

కూతురి తల నిమిరి, ఇంటికెళ్దాం పద అమ్మడూ అన్నారు. కీర్తిప్రియ అప్పుడు ఏడ్చింది. జానకీదేవీ ఏడ్చింది. ఇన్నేళ్లూ చీర రంగు గురించే పళ్లు నూరుకున్నాను గాని, పోయిన ఆ పిల్ల మొహమెలా ఉండేదో ఒక్కసారైనా అడిగానా అనుకుంది. నిజం చెబుదామని నోరు తెరిచి, సంచి తీసుకోబోయి బుట్ట వైపు చూసింది. చీర మడతపెట్టి లోపలే ఉంది. అంచుకి ర్యాంపు దుమ్ము.

గబగబా మూత పెట్టి, పైన మళ్లీ బెండకాయలు పోసేసింది.

ఇప్పుడు ఇబ్బందేమిటంటే, రాజుగారు రోజూ కాఫీ తాగి, ఒక్కసారి అక్కయ్యగారిలా నడవవూ అని బతిమాలుతున్నారు. మోకాళ్ల నొప్పులని ఆవిడ తప్పించుకుంటోంది. వచ్చే నెల రాజమండ్రిలో కూడా షో ఉందట, చివర నడిచేది అమ్మేనని కార్డులు కూడా అచ్చువేశారు. నిజం చెబితే తండ్రీకూతుళ్లు మళ్లీ ఎడమొహం పెడమొహం అవుతారేమో. చెప్పకపోతే అక్కడ నడవాలి. నిన్న తలుపులేసుకుని ఎడమ కాలు ఈడ్చి చూసుకుంటే, వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారట.

బాబ్బాబు, తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఒక్క ముక్క చెప్పండి. జానకీదేవి ఆయనకి నిజం చెప్పేయాలా, లేక ఆ నవ్వినావిడనే నడక నేర్పమని అడగాలా?