తొట్టిలో నీటిబల్లులు

పొద్దున్నే స్నానాలగది తలుపు తీసిన తోమె వెంటనే మూసేసింది. చెక్క తొట్టినిండా నీటిబల్లులు, నీటిమొక్కల ఆకులకు అంటుకున్న వాటి గుడ్లు. కోడలు కినుయో అంచున వంగి, భూతద్దంతో వాటినే చూస్తోంది.

"అమ్మాయ్, వసంతం నుంచి తువ్వాలు భుజానేసుకుని వీధి స్నానశాలకు తిరుగుతున్నాను. ఇంకెన్నాళ్ళు?"

"ఇవాళ్టి సభ అయిపోనివ్వండి అత్తయ్యా."

"అయ్యాక ఈ ఇంట్లో బల్లులైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకో."

కినుయో భర్త రెయ్‌జిరో మిసో పులుసు గిన్నెలోంచి తల ఎత్తలేదు.

కనజావాలో జీవశాస్త్రవేత్తల సభలో ఒక స్త్రీ ప్రసంగించడం అదే మొదటిసారి. రెయ్‌జిరో బడిలో పాఠాలు చెప్పాలి. "అంతమంది మగాళ్ళలోకి ఒక్కదానివే ఏం వెళ్తావ్" అని గొణుగుతూ, మంచి కిమోనో కట్టుకుని తోమె తనే తోడు బయల్దేరింది.

గుడ్డులో చుక్కంత ప్రాణం పిల్లగా ఎలా మారుతుందో కినుయో తను గీసిన బొమ్మలతో వివరించింది. ముగించగానే ముందు వరసలోని ఒక పెద్దాయన లేచాడు.

"చాలా బాగుందమ్మా. మీవారు బాగా శ్రమపడ్డారు. ఆయనే వచ్చి చెప్పాల్సింది."

సభలో కొందరు నవ్వారు. కినుయో ముఖం పాలిపోయింది.

"మావారు చరిత్ర పంతులండీ. ఇది నేను చేసిన పనే."

"ఇంత పని ఒక ఇల్లాలు చేసిందంటే నమ్మేదెలా?"

వెనక వరసలో తోమె లేచి నిలబడింది.

"నేను చెప్తాను. మావాడు బల్లిని చూస్తే బల్ల ఎక్కుతాడు. వసంతం నుంచి మా ఇంట్లో స్నానాల్లేవు. తొట్టంతా ఈవిడ బల్లులే. రోజూ ఈవిడ మీద అరుస్తూనే ఉన్నాను. పని చేసింది ఇంకెవరో అయితే, నా అరుపులన్నీ ఎవరిమీద దండగ చేసినట్టు?"

సభంతా గొల్లున నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. కినుయో వైపు తిరిగి, నడుము వంచి క్షమాపణ అడిగాడు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాడు.

తిరుగుదారిలో కినుయో కళ్ళు తుడుచుకుంది. "సాయంత్రం తొట్టి ఖాళీ చేస్తాను అత్తయ్యా."

"ఎవరు చెయ్యమన్నారు? స్నానశాలలో అందరికీ ఇవాళ నేను చెప్పాల్సింది బోలెడుంది."

వంతెన దగ్గర తోమె ఆగి, కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఆ చుక్క పిల్లగా ఎలా అవుతుందన్నావ్? నాకు సగమే అర్థమైంది. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

కినుయో గొంతు సర్దుకుని, మొదటినుంచీ చెప్పసాగింది.