మేకు లేని పెళ్ళిపందిరి

"మేకు కొట్టింది ఎవరు?"

ఆ అరుపుకి ఇండోనేసియాలోని బాండుంగ్‌లో ఆ వీధి వీధంతా ఉలిక్కిపడింది. అరిచింది పెళ్ళికూతురి చెల్లెలు రెంగనిస్. ఆర్కిటెక్చర్ చదివిన పిల్ల. అక్క పెళ్ళికి పందిరి తనే కట్టింది. అడితిలో దొరికే మామూలు వాసాలు, అన్నీ ఒకే కొలత. మేకు లేదు, తాడు లేదు, నడిమి స్తంభం లేదు. ఒకదాని తల ఇంకోదాని భుజాన ఆనించి, బుట్ట బోర్లించినట్టు అల్లేసింది.

వాసాలు తెచ్చిన అడితి కుర్రాడు యాయన్ చేతిలో సుత్తి ఉంది. ఇంకేం దాస్తాడు?

"ఒక్కటేనండీ... చిన్నది."

"వానకి కర్ర ఉబ్బుతుంది. అన్నీ కలిసి కాస్త జరిగి సర్దుకోవాలి. ఒకదాన్ని బిగించి పారేస్తే మిగతావి ఏం కావాలి?"

మిగతావి కిర్రుమన్నాయి.

"పట్టుకోండి!"

పెళ్ళివారంతా తలో వాసం పట్టుకున్నారు. తండ్రి సొబాన్, పెళ్ళికొడుకు, ఆఖరికి ఖాజీగారు కూడా. బయట కుండపోత.

"వాయిదా వేద్దామా?" అన్నాడు సొబాన్.

"నాకింకా మూడు పెళ్ళిళ్ళున్నాయి. ఇలాగే కానిద్దాం," అన్నాడు ఖాజీ, నెత్తిమీది టోపీ కళ్ళమీదికి జారుతుంటే.

నిఖాకి మామా అల్లుళ్ళు చెయ్యీ చెయ్యీ కలపాలి. సొబాన్ వాసం యాయన్ అందుకున్నాడు, పెళ్ళికొడుకుది రెంగనిస్ అందుకుంది. భుజాలు తగిలాయి.

"దూరం జరగండి."

"జరిగితే మీ నాన్నగారి నెత్తిన పడుతుంది."

"నా లెక్క మీద నమ్మకం లేదా?"

"లెక్కలు నాకేం తెలుసు? ఇది కూలితే మీ చదువు బండారం బయటపడుతుందని పొద్దున మీ మేనత్తలు నవ్వుకున్నారు. వినలేకపోయాను."

"అయితే? మేకు కొట్టేస్తారా?"

"మీరంటే ఇష్టమండీ! నాకు చేతనైంది మేకు కొట్టడం ఒక్కటే!"

సరిగ్గా అప్పుడే ఖాజీ ఊపిరి తీసుకోడానికి ఆగాడు. అందరికీ వినబడింది. చేతులు ఖాళీలేని వాళ్ళకి అన్నం ముద్దలు తినిపిస్తున్న ఒక మేనత్త, ముద్ద తీసుకెళ్ళి ఖాజీ చెవిలో పెట్టింది.

చెవి తుడిపించుకుని మరీ నిఖా ముగించాడాయన. పెళ్ళికొడుకు వచ్చి తన వాసం అందుకున్నాడు. సొబాన్ తనది అందుకోగానే యాయన్ సుత్తితో మేకు పీకాడు. పందిరంతా గలగలమని ఒక్కసారి దిగి, సర్దుకుని, ఊరుకుంది. అయినా చెయ్యి తీసే ధైర్యం ఎవరికీ లేదు.

సొబాన్ కూతురి మొహం చూశాడు. ఆమె తల ఊపింది. రెండు చేతులూ వదిలేశాడు. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

పందిరి నిలబడింది.

"నా చిన్నది కట్టింది!" అని, పొద్దున నవ్విన తన చెల్లెళ్ళ వంక చూస్తూ మీసం దువ్వాడు. తర్వాత యాయన్‌ని ఎగాదిగా చూసి, "ఖాజీగారూ, మరొకటి కానిస్తారా?" అన్నాడు.

"నా వల్ల కాదు బాబూ, రెక్కలు పడిపోయాయి. సోమవారం ఆఫీసుకి రండి."

రెంగనిస్ జుట్టులోంచి వాననీళ్ళు పిండుకుంటూ, యాయన్ వైపు చూడకుండానే చెప్పింది.

"సోమవారం వద్దు నాన్నా. అప్పటికి నాకింకా కోపం తగ్గదు. మంగళవారం వెళ్దాం."