ఆగి ఆగి గీసిన గీత

మైనం కరిగే వాసన వచ్చిందంటే జావా దీవిలోని పెకలొంగన్‌లో ఆ సందుకి తెల్లారినట్టే. ఆ పొద్దున కూడా రుమియాతి పెరటి పాకలో బుడ్డి పొయ్యి వెలిగించి, మూకుడులో మైనం పెట్టి, పొట్టి పీట మీద కూర్చుంది. చేతిలో చాంటింగ్. వెదురు పిడికి చిన్న రాగి గిన్నె, గిన్నెకి సన్నటి ముక్కు, అంతే ఆ కలం. వేడి మైనం ముంచాలి, ముక్కు మీద ఉఫ్‌మని ఊదాలి, బట్ట మీద పెట్టాలి. పెట్టాక ఇక ఆగకూడదు. ఆగావా, మచ్చ. ఇలా మైనంతో గీసి బట్టకి రంగులద్దే బాతిక్ పని చేసే ఇంట్లో పిల్లలకి మాటలతో పాటే వచ్చే చదువు ఇది.

కూతురు వెనింగ్ మాత్రం ఆ మూల ట్యాబ్ ముందేసుకుని పళ్ళు కొరుకుతోంది.

ఇప్పుడు గిరాకీలు మునుపటిలా లేవు కదా. బట్ట మీద మైనం పడకముందే బొమ్మ ఫోన్‌లో చూపించాలట. అందుకే పోయిన వానాకాలం రుమియాతి దుకాణానికి వెళ్ళి రెండు ట్యాబ్‌లు తెచ్చింది. ఖరీదైనది కోడలు లారాస్‌కి, చౌకది కూతురికి. రెండూ ఒకే కొలత, రెండూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. వెనకాల గుర్తు తప్ప ఇంకేం తేడా ఉంటుందిలే అనుకుంది. పైగా కోడలు పరాయింటి నుంచి వచ్చిన పిల్ల. దానికి తక్కువదిస్తే ఊరు ఊరుకుంటుందా? మన పిల్ల అయితే సర్దుకుంటుంది.

సర్దుకుంది పాపం వెనింగ్. పెన్ను ముందు పోతుంది, గీత వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, బడికి పోనని మొండికేసిన పిల్లాడిలా. పూరేకు వంపు తిప్పితే మూలలు మూలలుగా విరుగుతుంది. బొమ్మ కాస్త పెద్దదైతే తెర బిగుసుకుపోయి, చక్రం గిర్రున తిరిగి, ఉన్నదంతా మింగి మూతపడుతుంది. ఇక ఏం చేస్తుంది? కాస్త గీసి ఆగడం, గీత వచ్చి చేరాక మళ్ళీ కదలడం నేర్చుకుంది.

అటుపక్క లారాస్ ఒక చేత్తో వేయించిన సోయా టెంపే ముక్క తుంచి నోట్లో వేసుకుంటూ, రెండో చేత్తో తీగంతా ఒక్క ఊపున లాగేసింది.

"వెనింగ్, టీ చల్లారిపోతోంది, తాగవే."

"ఇక్కడ నా రక్తం మరుగుతోంది వదినా. కాస్త టీ అయినా చల్లగా ఉండనీ."

అంతలో రుమియాతి కర్ర మీద ఆరేసిన బట్టని వెలుతురుకి పట్టింది. పట్టి, అలాగే నిలబడిపోయింది.

"ఏమే, ఇటు రా. ఇదేంటి?"

నిన్న వెనింగ్ వేసిన పూలు. ప్రతి రేకు మీదా, వంపు తిరిగే చోటల్లా మైనం బొట్టు.

"పువ్వులకి మశూచి పోసిందా? నీ చెయ్యి ఇలా ఎప్పుడు పాడైందే? ఈ మచ్చలు తెర మీద కాదు, తుడిస్తే పోవు!"

"ఈ ట్యాబ్‌తో చస్తున్నానమ్మా. ఇది..."

"మొదలెట్టావా! ఆడలేక మద్దెల ఓడని. మీ వదినకీ ఉందిగా ట్యాబ్. అదేమన్నా అంటోందా?"

"అత్తయ్యా, నన్నెందుకు మధ్యలో..." అని లారాస్ నసిగింది.

"నువ్వుండు. మనం ఒప్పుకున్న ఆ పెళ్ళికూతురి బట్ట లారాస్ వేస్తుంది. నువ్వు రేపట్నుంచి కొట్లో కూర్చుని బట్టలు మడతపెట్టు. ఈ ఇంటి చెయ్యి నీకు రాలేదు, అంతే."

ఆ ఇంట్లో అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి కూతురికి వచ్చినది ఒక్క చెయ్యే. అది రాలేదంటే ఇక ఏం మిగిలింది? వెనింగ్ విసవిసా వెళ్ళి, తన ట్యాబ్ తెచ్చి తల్లి ఒళ్ళో పడేసింది.

"గియ్యి. ఒక్క పువ్వు గియ్యమ్మా. నీ చెయ్యి మంచిదేగా!"

"నాకు పందెమా?" రుమియాతి పెన్ను అందుకుంది. అలవాటు చొప్పున పెన్ను మొనకి దగ్గరగా తెచ్చి ఉఫ్‌మని ఊదింది. లారాస్ కిసుక్కున నవ్వింది. రుమియాతి పట్టించుకోకుండా, ఊపిరి బిగబట్టి, ఎన్నో వేల సార్లు తిప్పిన వంపే తిప్పింది.

చెయ్యి పువ్వంతా తిరిగొచ్చేసింది. తెర మీద ఇంకా మొదటి రేకే. తర్వాత తక్కినవి వచ్చాయి, విరిగిన గాజు పెంకుల్లా.

మళ్ళీ ఊది మళ్ళీ గీసింది. అంతకన్నా అధ్వాన్నం.

రుమియాతి ముఖం పాలిపోయింది. కుడిచెయ్యి ఎత్తి కళ్ళ ముందు పెట్టుకుంది. "లారాస్... నా చెయ్యి వణుకుతోందా? చూడవే. ముసలిదాన్నయిపోయానా?"

లారాస్ నవ్వు ఆగిపోయింది. గబగబా తన ట్యాబ్ తెచ్చి అత్తగారి మోకాలి మీద పెట్టింది. "దీంట్లో గియ్యండి అత్తయ్యా."

గీసింది. పెన్ను మొన కిందనుంచే గీత పుట్టి, నూనెలా జారి, పువ్వు విచ్చుకుంది.

పొయ్యి మీద మైనం పొగలు కక్కుతున్నా ఎవరూ చూసుకోలేదు.

"ఎందుకు చెప్పలేదే నాకు?" అంది రుమియాతి చివరికి.

"చెప్పానమ్మా. చెప్పినప్పుడల్లా మద్దెల అన్నావు."

"నేనూ ఎప్పుడూ అది పట్టుకుని చూడలేదు," అంది లారాస్ తలవంచుకుని. "ఇకనుంచి బొమ్మలన్నీ దీంట్లోనే గీద్దాం వెనింగ్. పొద్దున నువ్వు, మధ్యాహ్నం నేను. ఆ చౌకదేమో అత్తయ్య వంటల వీడియోలు చూసుకోవడానికి."

వెనింగ్ నవ్వబోయింది, ఏడుపు వచ్చింది. "కానీ వదినా, ఆ మచ్చలు నావే. ఆ ట్యాబ్ కోసం ఆగి ఆగి, చాంటింగ్ పట్టుకున్నా చెయ్యి తనంతట తనే ఆగిపోతోంది. ఇక్కడ కాసుకోవాల్సిందేమీ లేదని తెలిసినా ఆగిపోతోంది. నిజంగానే పాడైందమ్మా నా చెయ్యి."

రుమియాతి కళ్ళు నిండాయి. క్షమించమని అడిగే అలవాటు ఆమెకి లేదు. పొయ్యి సెగ తగ్గించి, పీట పక్కకి జరిపి, "ఇలా కూర్చో," అంది. "మనింటి పిల్లవి కదాని సర్దుకుంటావనుకున్నా. ఇదిగో, ఇలా సర్దుకున్నావన్నమాట."

కొత్త గుడ్డ ముక్క పరిచింది. వెనింగ్ చాంటింగ్ ముంచి, ఊది, బట్ట మీద పెట్టింది. మణికట్టు మీద తల్లి చెయ్యి పడింది, చిన్నప్పటిలాగే వెచ్చగా, గరుగ్గా.

"ఆగకు. నేనున్నా. పో... వంపు దగ్గర ఆగకు... పో."

మొదటి రేకు, రెండో రేకు. గీత ముక్కు కిందనుంచే వస్తోంది. సగం దారిలోనే అమ్మ చెయ్యి తీసేసిందని, పువ్వు పూర్తయి తలెత్తాక గానీ వెనింగ్‌కి తెలియలేదు.