బావి పాచి

మిర్యాలగూడలో కొడుకు ఇంటికి మకాం మార్చినప్పటి నుంచి రామనర్సయ్యకు పొద్దున ఒకటే పని. హాల్లో ఉన్న అద్దాల తొట్టి ముందు కూర్చొని చాయ్ తాగడం. జన్మంతా పొలం చేసిన మనిషికి ఊరికే కూర్చుంటే పొద్దెట్లా పోతుంది చెప్పండి? ఆ రోజు మనవరాలు నిఖిత సగం అల్లిన జడతోనే పరుగెత్తుకొచ్చింది.

"తాతా, జర ఇటు సూడు. ఈ ఎర్ర రొయ్య కడుపు కింద గుడ్లకు కండ్లొచ్చినయి. ఇయ్యాల్నో రేపో పిల్లలైతయి."

ఆ పిల్లకు సంతోషంతో కాలు నిలవడంలేదు. ఎందుకు నిలుస్తుంది? ఇంతకుముందు గుడ్లు రాలిపోయినప్పుడు రోజంతా అన్నం ముట్టలేదు. తొట్టిలో రొయ్యలకు తోడు చిట్టి నత్తలున్నాయి, అద్దానికంటిన నాచు నాకే చేపలున్నాయి. ఒకదాని జోలికి ఒకటి పోనివాటినే ఏరి ఏరి తెచ్చుకుంది. మొన్న తాత నిడమనూరు పొలం బావిలోంచి గుప్పెడు పచ్చటి పాచి పట్టుకొస్తే మాత్రం మొహం ముడుచుకుంది. అయినా పెద్దాయన మనసు నొప్పించలేక, కడిగి తొట్టిలో ఓ మూలన వేసింది.

"పిల్లలైతే నీళ్లు సాఫ్ ఉండాలె గదా?"

"మస్తు సాఫ్ ఉండాలె తాతా," అని నిఖిత కాలేజీకి పోయింది.

అంతే, ముసలాయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. వాళ్ల బావిలో నీళ్లు చెడకుండా ఎప్పుడూ కొర్రమీనును పెంచేవాళ్లు. పురుగూ పుట్రా అదే చూసుకుంటుంది. ఇంకేం, నిడమనూరు బస్సెక్కి, వేలెడంత కొర్రమీను పిల్లను పట్టి, స్టీలు క్యానులో భద్రంగా తెచ్చి తొట్టిలో వదిలాడు. మనవరాలు ఎంత సంబరపడుతుందోనని గుమ్మంలోనే కాపు కూర్చున్నాడు, పిచ్చి మారాజు.

సాయంత్రం నిఖిత తొట్టి దగ్గరకు వెళ్లి కొయ్యబారిపోయింది. నీళ్ల మీద ఒక ఎర్ర మీసం తేలుతోంది.

"నా రొయ్యలేవి? ఇదెక్కడిది తాతా?"

"మన బాయిదే బిడ్డా. నీళ్లు అద్దం లెక్క ఉంటయని..."

"ఎవరడిగిన్రు నిన్ను? అన్నిటిని తినేసింది. నువ్వు రాకముందే మంచిగుండె."

వంటింట్లోంచి వచ్చిన కోడలు సువర్ణ, "నిఖితా, నోరు జాగ్రత్త," అంది. అప్పుడే ఇంట్లోకొచ్చిన కొడుకు జగదీశ్ తలపట్టుకున్నాడు. "నాయినా, ఏదన్న జేసేముందు ఒక్కమాట అడగరాదే?"

రామనర్సయ్య నీళ్లలో చెయ్యి పెట్టి, అది జారిపోతుంటే మళ్లీ మళ్లీ తరిమి, కొర్రమీనును క్యానులో వేసుకున్నాడు. చొక్కాలు సంచిలో కుక్కాడు. మంచి చేద్దామని పోతే పసిదాని ఉసురు తగిలిందే అని లోపల కుమిలిపోతున్నాడు.

"నేనూ గీ సేపా బాయికాడనే మంచిగుంటం. పోతున్న బిడ్డా."

ఆయన చెప్పులు వేసుకుంటుండగా లోపల్నుంచి నిఖిత గొంతు.

"తాతా, ఆగు."

సెల్‌ఫోన్ లైటు తొట్టి మూలకు పట్టుకొని ఉంది. బావి పాచి మధ్యలో తల్లి రొయ్య ముడుచుకొని ఉంది. దాని కడుపు కింద గుడ్లు లేవు. ఆ పచ్చటి పోగుల నిండా, రవ్వ గింజలంతేసి రొయ్య పిల్లలు ఎగురుతున్నాయి. ఆయన కళ్లకు ఆనకపోతే నిఖిత ఫోన్‌లో పెద్దగా చేసి చూపించింది.

"నువ్వు తెచ్చిన పాచిల దాక్కొని బతికినయి తాతా." ఏడుస్తూనే నవ్వుతోంది. "నేనన్నమాట మనసుల పెట్టుకోకు."

"అరెరే, కండ్లు గూడ కనవడుతున్నయే," అన్నాడాయన ఉబ్బితబ్బిబ్బై, సంచి ఎక్కడ పడేశాడో కూడా తెలియకుండా.

"రేపు సేపను బాయిల ఇడిసి, ఇంకింత పాచి తే. గని, ఎటు తిరిగీ సాయంత్రం బస్సుకు ఇంటికి రావాలె."

"ఎందుకు బిడ్డా?"

"నేను కాలేజీకి పోతే పిల్లల్ని ఎవరు సూస్తరు తాతా?"

రామనర్సయ్య భుజం మీది తువ్వాలతో మొహమంతా గట్టిగా తుడుచుకొని, మళ్లీ తొట్టి ముందు తన కుర్చీలో కూర్చున్నాడు.